బడి పిల్లల నౌకా శిక్షణ: గట్టు మీదనా, నీటి మీదనా?

1927లో బొంబాయి రేవులో లంగరు దించి ఉన్న 'డఫరిన్' అనే ముసలి ఓడ భారతీయ బాలురకు బడిగా మారింది. అంతకుముందు సైనికులను మోసిన ఓడ అది. అప్పటిదాకా మనవాళ్లు ఓడల్లో కళాసీలుగా, బాయిలర్ల దగ్గర బొగ్గు ఎత్తేవాళ్లుగా చెమటోడ్చారు గానీ, అధికారి కుర్చీలో కూర్చునే చదువు వారికి ఈ దేశంలో దొరకలేదు. డఫరిన్‌లో చేరిన మొదటి జట్టులో రామ్ దాస్ కటారి అనే పదహారేళ్ల కుర్రవాడు ఉన్నాడు. సికింద్రాబాద్‌లోని మహబూబ్ కాలేజీ హైస్కూల్లో చదివినవాడు. సికింద్రాబాద్‌కు సముద్రం వందల కిలోమీటర్ల దూరం. 1958 ఏప్రిల్ 22న ఆ కుర్రవాడే భారత నౌకాదళానికి తొలి భారతీయ అధిపతి అయ్యాడు.

బడి పిల్లలకు నౌకా శిక్షణ గురించి ఆలోచించేటప్పుడు కటారి కథ నుంచి మొదలుపెట్టడం మంచిది. సముద్రతీరంలో పుట్టినంత మాత్రాన నావికుడు కాడు, మెట్ట ప్రాంతంలో పెరిగినంత మాత్రాన కాకపోడు. డఫరిన్ ఆ పిల్లలకు ఇచ్చింది నీటి మీద జీవితం. వాళ్లు ఓడలోనే నిద్రలేచారు, ఓడలోనే చదివారు, ఓడను కడిగారు, పడవలు దించి తెడ్లు వేశారు. ఈరోజు మన దేశంలో లక్షల మంది పిల్లలు నేషనల్ కేడెట్ కోర్ (ఎన్‌సీసీ)లో ఉన్నారు. వారిలో కొందరు తెల్ల యూనిఫాం వేసుకునే నేవల్ వింగ్ కేడెట్లు. ఆ తెల్ల బట్టల వెనక ఎంత నీరు ఉంది? ఈ వ్యాసంలో నేను అడగదలచిన ప్రశ్న అదే. ఈ ఒక్క కొలతతోనే మిగతా అన్నింటినీ చూడాలని నా అభిప్రాయం.

ముందు ఇతర దేశాల సంగతి. ఈ ఆలోచనకు పుట్టిల్లు బ్రిటన్. 1850లలో క్రిమియా యుద్ధం నుంచి తిరిగొచ్చిన నావికులు రేవు పట్టణాల్లో దిక్కులేని పిల్లలను చేరదీసి, వారికి పడవ పని నేర్పడం మొదలుపెట్టారు. 1899లో విండ్సర్ పిల్లల దళానికి యూనిఫాంల కోసం విక్టోరియా రాణి 10 పౌండ్లు ఇచ్చింది. బ్రిటన్ సీ కేడెట్లు తమ పుట్టుకను ఆ ఏడాది నుంచే లెక్కపెట్టుకుంటారు. ఇప్పుడు ఆ సంస్థను నడిపేది నౌకాదళం కాదు, ఒక దాతృత్వ సంస్థ. 1756 నాటి మెరైన్ సొసైటీతో 2004లో కలిసిపోయింది. సుమారు పదేళ్ల వయసు నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలను తీసుకుంటారు. ఊరూరా ఉన్న దళాలకు 'శిక్షణ నౌక' అనే పేరు ఉంటుంది, అది నిజానికి ఒక షెడ్డే అయినా సరే. కానీ ఆ షెడ్డులో పడవలుంటాయి. ఇవి కాక అందరికీ కలిపి 'రాయలిస్ట్' అనే నిజమైన తెరచాప ఓడ ఉంది. 1971లో కట్టిన పాత ఓడ బదులు 2015లో కొత్తది వచ్చింది. కేడెట్లు దాని మీద రోజుల తరబడి సముద్రంలో ఉంటారు, స్తంభాలెక్కి తెరచాపలు విప్పుతారు, వంతులవారీగా రాత్రి కాపలా కాస్తారు.

కెనడాలో 12 నుంచి 18 ఏళ్ల పిల్లలకు సీ కేడెట్ శిక్షణ ఉచితం. ప్రభుత్వ రక్షణ శాఖ, నేవీ లీగ్ అనే పౌర సంస్థ కలిసి నడుపుతాయి. అమెరికాలో రెండు దారులున్నాయి. ఒకటి, 1958లో మొదలై 1962లో కాంగ్రెస్ గుర్తింపు పొందిన నేవల్ సీ కేడెట్ కోర్. ఇది బడి వేళల తర్వాత, సెలవుల్లో నడిచేది. రెండోది 1964 చట్టం కింద హైస్కూళ్లలో వచ్చిన నౌకాదళ జూనియర్ శిక్షణ కార్యక్రమం, ఎన్‌జేఆర్‌ఓటీసీ. ఇక్కడ నౌకాశాస్త్రం అనేది లెక్కలు, చరిత్రల పక్కనే టైంటేబుల్లో ఉండే పాఠం. చెప్పేవారు నౌకాదళంలో పనిచేసి పదవీ విరమణ చేసినవారు. రష్యాది పూర్తిగా వేరే దారి. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగానే, తండ్రులను పోగొట్టుకున్న పిల్లల కోసం 1944లో లెనిన్‌గ్రాడ్‌లో నఖీమోవ్ పాఠశాల పెట్టారు. హాస్టల్, చదువు, దుస్తులు అన్నీ ప్రభుత్వానివే. అక్కడి పిల్లవాడి ముందున్న దారి ఒకటే: నౌకాదళ అధికారి కావడం.

ఈ నమూనాలను పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఒకచోట తేలుతుంది. పిల్లవాడి కోసం సముద్రమా, దళం కోసం పిల్లవాడా? బ్రిటన్, కెనడా మొదటిదాన్ని ఎంచుకున్నామంటాయి. రష్యా రెండోదాన్ని దాచకుండా చెప్పింది. మనం మధ్యలో ఉన్నాం.

మన ఎన్‌సీసీ 1948లో పుట్టింది. పండిట్ హృదయనాథ్ కుంజ్రూ అధ్యక్షతన 1946లో వేసిన కమిటీ సిఫారసుల మీద చట్టం వచ్చింది. మరుసటి ఏడాదే బాలికల విభాగం వచ్చింది, 1950లో వైమానిక విభాగం, 1952లో నౌకా విభాగం చేరాయి. చైనా యుద్ధం తర్వాత 1963లో కాలేజీ విద్యార్థులకు దీన్ని తప్పనిసరి చేశారు. బలవంతపు కవాతు ఎక్కువ కాలం నిలవలేదు, 1968 నాటికి మళ్లీ ఇష్టమైనవారికే అయింది. ఆ అనుభవం నుంచి నేర్చుకోవలసింది ఉంది: తప్పనిసరి చేసినప్పుడు సంఖ్య పెరిగింది, ఇష్టం తగ్గింది. 20 వేల మందితో మొదలైన సంస్థకు ఇప్పుడు 20 లక్షల దాకా అనుమతించిన సంఖ్య ఉంది. మూడు విభాగాల్లో సింహభాగం సైన్యానిదే. నౌకా విభాగం చిన్నది. చట్టం ప్రకారం కేడెట్‌కు సైన్యంలో చేరాల్సిన బాధ్యత ఏమీ లేదు.

ఎన్‌సీసీ ఒక్కటే ఉందని కాదు. బొంబాయిలో 1938 నాటి మూలాలున్న సీ కేడెట్ కోర్ స్వచ్ఛంద సంస్థగా ఇప్పటికీ కొలాబాలో పిల్లలకు శిక్షణనిస్తోంది. 1960ల నుంచి సైనిక్ స్కూళ్లున్నాయి. విజయనగరం దగ్గర కోరుకొండలో 1962 జనవరిలో మొదలైన సైనిక్ స్కూలు వాటిలో తొలితరానిది, విజయనగర సంస్థానాధీశులు పి.వి.జి. రాజు ఇచ్చిన ప్యాలెస్‌లో అది నడుస్తోంది. చిత్తూరు వైపు పిల్లలకు కలికిరిలో మరొకటి వచ్చింది. అయితే సైనిక్ స్కూలు లక్ష్యం జాతీయ రక్షణ అకాడమీ (ఎన్‌డీఏ) ప్రవేశం. మామూలు జిల్లా పరిషత్ హైస్కూలు పిల్లలకు, మున్సిపల్ బడి పిల్లలకు అందుబాటులో ఉండే ఒకే ఒక నౌకా శిక్షణ ఎన్‌సీసీ నేవల్ వింగ్. అందుకే ఇక్కడ దాని గురించే ఎక్కువ మాట్లాడతాను.

బడిలో ఇది ఎలా నడుస్తుంది? ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు జూనియర్ డివిజన్‌లో చేరతారు. ఆడపిల్లలదైతే జూనియర్ వింగ్. శిక్షణ రెండేళ్లు, చివర 'ఎ' సర్టిఫికెట్ పరీక్ష. బడిలోని ఒక ఉపాధ్యాయుడో ఉపాధ్యాయురాలో ప్రత్యేక శిక్షణ పొంది అసోసియేట్ ఎన్‌సీసీ ఆఫీసర్ (ఏఎన్‌ఓ) అవుతారు. నౌకాదళం నుంచి వచ్చే శిక్షకులు (పీఐ స్టాఫ్) వారానికి కొన్ని గంటలు పాఠం చెబుతారు. సిలబస్‌లో ఒక భాగం మూడు విభాగాలకూ ఉమ్మడి: కవాతు, ఆయుధ పరిచయం, ప్రథమ చికిత్స, సమాజ సేవ. మిగతా భాగం సముద్రానిది: ఓడ భాగాలు, తాళ్లు, ముడులు, లంగరు, దిక్సూచి, సెమాఫోర్ జెండాలు, పడవ నడపడం, ఓడ నమూనాల తయారీ, నౌకాదళ చరిత్ర. ఏడాదికోసారి పది రోజుల క్యాంపు. బాగా రాణించినవారు నౌ సైనిక్ క్యాంపుకు వెళ్తారు. అక్కడ దేశం నలుమూలల నుంచి వచ్చిన ఎన్‌సీసీ డైరెక్టరేట్ల జట్లు పడవ లాగడంలో, సెమాఫోర్‌లో, ఓడ నమూనాల్లో పోటీ పడతాయి.

కాగితం మీద ఇది చక్కని పథకం. చిక్కు ఎక్కడుందంటే, పడవలు బడి దగ్గర ఉండవు, యూనిట్ దగ్గర ఉంటాయి. ఒక యూనిట్ కింద ఎన్నో బడులు, కాలేజీలు. ఒక్కో బడి పిల్లలను బస్సులో రేవుకో చెరువుకో తీసుకెళ్లాలి, లైఫ్ జాకెట్లు ఉండాలి, రక్షణ పడవ సిద్ధంగా ఉండాలి, గాలి అనుకూలించాలి. కవాతుకు ఇవేమీ అక్కర్లేదు, మైదానం, ఒక విజిల్ చాలు. అందుకని తరగతులు తగ్గించాల్సి వచ్చినప్పుడల్లా నీటి మీది తరగతే ముందు పోతుంది. ఆగస్టు 15కు కవాతు తప్పదు, పడవ తప్పినా అడిగేవారు ఉండరు. రెండేళ్ల తర్వాత పిల్లవాడి దగ్గర సర్టిఫికెట్ ఉంటుంది, తెల్ల టోపీ పెట్టుకున్న ఫొటో ఉంటుంది. ఒడ్డున కూర్చుంటే ఈత రాదని మన ఊళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఇంత స్పష్టమైన సంగతిని పథకం నడిపేవారు ఎందుకు పట్టించుకోరో నాకు అర్థం కాదు.

నీటి మీద ఏం జరుగుతుందో చెబితేనే ఆ లోటు ఎంతటిదో తెలుస్తుంది. నేవల్ కేడెట్లు లాగే వేలర్ పడవకు ఐదు తెడ్లు. ఒక్కో తెడ్డు పిల్లవాడి ఎత్తుకు రెండింతల పైనే. తెడ్డు వేసే ఐదుగురూ పడవ వెనక వైపు తిరిగి కూర్చుంటారు. ముందు ఏముందో వాళ్లకు కనిపించదు. కనిపించేది చుక్కాని పట్టుకుని ఎదురుగా కూర్చున్న కాక్స్‌వెయిన్‌కు ఒక్కడికే. 'గివ్ వే టుగెదర్' అంటే అందరి తెడ్లూ ఒక్కసారే నీట్లో పడాలి. ఒకడు అర క్షణం ముందు వేస్తే వెనకవాడి తెడ్డును అతని తెడ్డు కొడుతుంది. ఒకడు లోతుగా ముంచితే తెడ్డు నీట్లో చిక్కుకుని అతన్నే వెనక్కి తోసేస్తుంది. 'ఓర్స్' అనగానే ఆపాలి, 'హోల్డ్ వాటర్' అంటే తెడ్డుతో నీటికి అడ్డం పట్టి పడవను నిలపాలి. బలవంతుడైన పిల్లవాడు ఇక్కడ గొప్పవాడు కాలేడు, తాళం తప్పనివాడే గొప్పవాడు. అరచేతులు బొబ్బలెక్కుతాయి. మూడో రోజుకో నాలుగో రోజుకో ఒక క్షణం వస్తుంది, ఐదు తెడ్లూ ఒకే చప్పుడు చేస్తాయి, పడవ ఒక్కసారిగా తేలికైపోతుంది. ఆ క్షణాన్ని అనుభవించిన పిల్లలకు 'ఐకమత్యం, క్రమశిక్షణ' అనే ఎన్‌సీసీ నినాదం గోడ మీద రాసిన మాటలా ఉండదు, ఒంటికి తెలిసిన సంగతి అవుతుంది. మైదానంలో ఎంత కవాతు చేసినా ఇది రాదు. కవాతులో అడుగు తప్పినవాణ్ణి ఉస్తాద్ తిడతాడు. పడవలో తెడ్డు తప్పితే నీరే చెబుతుంది.

ముడులది మరో సంపద. రీఫ్ నాట్, క్లోవ్ హిచ్, షీట్ బెండ్, బోలైన్. వీటిలో బోలైన్ అంటే జారని ఉచ్చు. నీటిలో పడ్డవాడి నడుం చుట్టూ వేసి లాగితే బిగుసుకోదు, విడిపోదు, పని అయ్యాక చేత్తో సులువుగా విప్పవచ్చు. దీన్ని ఎనిమిదో తరగతి పిల్లలు కళ్లు మూసుకుని కట్టగలిగితే ఒకనాడు ఒక ప్రాణం నిలుస్తుంది. షీట్ బెండ్ సంగతి ఇంకా ఆసక్తికరం. చేపల వలలో ఒక్కో కన్నుకూ పడే ముడి దాదాపు అదే. కాకినాడ జగన్నాథపురంలోనో, భీమిలి పక్క పల్లెల్లోనో వల అల్లే ఇంట్లో పుట్టిన పిల్లకు ఆ ముడి చేతివేళ్లకే వచ్చు. పాఠం చెప్పే మనిషి ఆ సంగతి గమనించి ఆ పిల్లను ముందుకు పిలిచి తరగతికి చూపించమంటే ఏమవుతుందో ఊహించండి. ఇంటి పని బడిలో విద్య అవుతుంది. ఆ గౌరవం ఇంకే పథకమూ ఇవ్వలేదు.

ఓడ నమూనాల తయారీ నాకు చాలా ఇష్టమైన విషయం. కేడెట్లు నిజమైన యుద్ధనౌక నక్షా తీసుకుని కొలతకు తగ్గించి, బాల్సా చెక్కతో ఓడ అడుగుభాగం నుంచి రాడార్ దాకా కడతారు. నిష్పత్తి, వైశాల్యం, గురుత్వ కేంద్రం, తేలే సూత్రం అన్నీ ఇందులో ఉన్నాయి. తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రంలో ఆర్కిమెడిస్ సూత్రాన్ని వల్లె వేసే పిల్లవాడు ఇక్కడ దాన్ని చేత్తో తయారు చేసి నీటిలో వదులుతాడు. ఒరిగితే బరువు సర్దుతాడు. దీనికి సముద్రం కూడా అక్కర్లేదు, బడిలో ఒక తొట్టి, ఒక బల్ల చాలు. తీరానికి దూరంగా ఉన్న ఏ జిల్లాలోనైనా చేయవచ్చు. ఇక సెమాఫోర్ గురించి చాలామంది పెదవి విరుస్తారు, చేతిలో ఫోన్ ఉండగా జెండాలెందుకని. ఆ అభ్యంతరంలో కొంత నిజముంది. కానీ దాని స్థానంలో మన తీరానికి నేరుగా పనికొచ్చే మరో సంకేత భాష ఉంది. ఎందుకో దాన్ని ఎవరూ బళ్లలో చెప్పడం లేదు.

అది ఓడరేవుల ప్రమాద హెచ్చరికలు. వాయుగుండం పుట్టిన ప్రతిసారీ పత్రికల్లో 'కళింగపట్నం, భీమునిపట్నం రేవుల్లో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక' అని చదువుతాం. ఒకటి నుంచి పదకొండు వరకు ఉన్న ఈ సంకేతాలకు పగలు ఆకారాలు, రాత్రి దీపాలు ఉన్నాయి. ఒకటి, రెండు అంటే ప్రమాదం దూరంగా ఉందని. మూడు, నాలుగు అంటే రేవుకు చెడు వాతావరణం తగలవచ్చని. ఎనిమిది, తొమ్మిది, పది అంటే మహా ప్రమాదం. పదకొండు అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని. 1977 నవంబర్ 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేల మంది పోయారు. 2014 అక్టోబర్ 12న విశాఖను హుద్‌హుద్ చితక్కొట్టింది. ఇలాంటి తీరంలో, ప్రతి ఊళ్లో ఈ పదకొండు సంకేతాలనూ, బోటును కట్టే పద్ధతినీ, మునిగినవాడికి ఊపిరి పోసే విధానాన్నీ తెలిసిన ఇరవై ముప్పై మంది పిల్లలుంటే అది ఎంతటి రక్షణో! నౌకా శిక్షణకు దేశరక్షణ ఒక్కటే అర్థం కాదు. ఊరి రక్షణ కూడా.

ఇప్పుడు చాలామంది తల్లిదండ్రులు, కొందరు బాలల హక్కుల కార్యకర్తలు అడిగే ప్రశ్న. పదమూడేళ్ల పిల్లలకు యూనిఫాం తొడిగి, రైఫిల్ పట్టించి, వందనాలు చేయించడం సబబేనా? బాలల హక్కుల ఒప్పందానికి అనుబంధంగా 2000లో వచ్చిన ఒడంబడిక పిల్లలను యుద్ధానికి దూరంగా ఉంచాలంటుంది, 18 ఏళ్లలోపు వారిని బలవంతంగా దళాల్లో చేర్చరాదంటుంది. భారత్ 2005లో దాన్ని ఆమోదించింది. ఎన్‌సీసీ ఆ గీత దాటడం లేదు, ఎందుకంటే కేడెట్‌కు దళంలో చేరే బాధ్యతే లేదు. అయితే ఆకర్షణ ఉంది, అందులో తప్పేమీ లేదు కానీ దాన్ని దాచకూడదు. అగ్నివీర్ నియామకాల్లో ఎన్‌సీసీ సర్టిఫికెట్‌కు అదనపు మార్కులున్నాయి. 'సి' సర్టిఫికెట్ ఉన్న డిగ్రీ విద్యార్థులకు అధికారి ఎంపికలో ప్రత్యేక దారి ఉంది. పేదింటి పిల్లలకు ఇది బతుకుతెరువు ఆశ. ఆ ఆశను చిన్నచూపు చూసే హక్కు మనకు లేదు. నా అభ్యంతరం వేరు. నౌకా విద్యను ఉద్యోగపు మార్కులతో మాత్రమే కొలిస్తే, నీటి మీద గడిపిన గంటలకు విలువ పోతుంది. మార్కులిచ్చేది సర్టిఫికెట్‌కే కదా! పిల్లవాడు తేలగలడా లేదా అని అడిగేవారు ఉండరు. సముద్రపు చదువు దళానికే కాదు, మర్చంట్ నేవీకి, విశాఖలోని ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ప్రాంగణానికి, మత్స్య నౌకా శిక్షణ సంస్థ సిఫ్‌నెట్‌కు, రేవుల పనికి, చేపల వేటకు కూడా దారి. ఈ దారులన్నీ ఎనిమిదో తరగతి పిల్లవాడికి ఎవరైనా చెప్పాలి.

ఆడపిల్లల విషయంలో గత పదేళ్లు బాగా మారాయి. 2017 సెప్టెంబర్ 10న గోవా నుంచి బయలుదేరిన 'తారిణి' అనే తెరచాప నౌక ఆరుగురు మహిళా అధికారులతో భూమిని చుట్టి 2018 మే 21న తిరిగొచ్చింది. ఫ్రీమాంటిల్, లిటిల్‌టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్‌టౌన్ రేవుల్లో ఆగుతూ, దక్షిణాన కేప్ హార్న్ దగ్గరి భీకర సముద్రాన్ని దాటి వచ్చింది. ఆ ఆరుగురిలో ఇద్దరు మనవాళ్లు: విశాఖకు చెందిన పి. స్వాతి, హైదరాబాద్‌కు చెందిన ఐశ్వర్య బొడ్డపాటి. ఒకరు రేవు పట్టణం, ఒకరు పీఠభూమి. ఆ తర్వాత ఎన్‌డీఏ ద్వారాలు అమ్మాయిలకు తెరుచుకున్నాయి. అగ్నివీర్ తొలి జట్టుతో పాటే ఒడిశాలోని ఐఎన్‌ఎస్ చిల్కాలో మహిళా నావికులు శిక్షణ ముగించుకున్నారు. బడిలో మాత్రం ఆడపిల్లలకు ఈత నేర్పడానికి ఇంకా సంకోచమే. దుస్తుల గురించి, స్త్రీ శిక్షకుల గురించి ఇళ్లలో వచ్చే అభ్యంతరాలు సహజమైనవి, వాటిని కొట్టిపారేయకుండా ఏర్పాట్లు చేస్తే తీరిపోయేవి.

2020 ఆగస్టు 15న ప్రధానమంత్రి ఎర్రకోట నుంచి ఎన్‌సీసీ విస్తరణ ప్రకటించారు. 173 సరిహద్దు, తీర జిల్లాల్లో లక్ష మంది కొత్త కేడెట్లు, వారిలో మూడోవంతు అమ్మాయిలు. తీర జిల్లాల్లో శిక్షణ బాధ్యత నౌకాదళానిది. జాతీయ విద్యా విధానం కూడా బళ్లలో ఎన్‌సీసీ పెంచాలని చెప్పింది. ఉద్దేశం మంచిది. కానీ ఆచరణలో బరువంతా విశాఖ మీద పడుతుంది. తూర్పు నౌకాదళ కేంద్రం అక్కడే, అధికారులు, బోట్లు అక్కడే. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా వందల కిలోమీటర్ల తీరంలో మిగతా బడులకు దక్కేది ఎంత? విశాఖ పిల్లలు బీచ్‌రోడ్డులో ఐఎన్‌ఎస్ కురుసుర జలాంతర్గామి లోపలికి వెళ్లి చూస్తారు, నౌకాదళ విన్యాసాలు చూస్తారు. అది చూడడమే, శిక్షణ కాదు. అయినా అది కూడా దొరకని ఉప్పాడ, నిజాంపట్నం, కృష్ణపట్నం వైపు పిల్లల సంగతేమిటి? మత్స్యకార పిల్లల కోసం రాష్ట్రంలో ప్రత్యేక గురుకులాలున్నాయి. నేవల్ వింగ్ దళాలు ముందుగా వెళ్లాల్సింది అక్కడికి. ఆ పిల్లలకు తెడ్డు కొత్త కాదు, అల కొత్త కాదు. కొత్తవి లైఫ్ జాకెట్, చార్టు, దిక్సూచి, వాతావరణ విజ్ఞానం. తండ్రికి తెలిసిన అనుభవం పక్కన ఈ విజ్ఞానం చేరితే ఆ ఇంటి వేట కూడా సురక్షితమవుతుంది.

ఇక్కడే డబ్బు సంగతి చెప్పాలి. కేంద్రం యూనిఫాం, శిక్షకులు, సామగ్రి ఇస్తే, రాష్ట్రం వసతి, ఏఎన్‌ఓల గౌరవ వేతనం, క్యాంపుల్లో తన వాటా భరిస్తుంది. ఈ వాటాలు ఆలస్యమైతే కేడెట్ టిఫిన్ మొదలు పడవ మరమ్మతు దాకా అన్నీ ఆగుతాయి. ఇటీవల ఖర్చంతా బడులే పెట్టుకునే స్వీయ ఆర్థిక పద్ధతి కూడా వచ్చింది. స్థోమత ఉన్న ప్రైవేటు బడులకు ఇది వరం, ప్రభుత్వ బడులకు అందదు. ఎనిమిదో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ పేరుతో మైదానాలు మూసేసిన కార్పొరేట్ బడుల్లో మాత్రం డబ్బున్నా ఎన్‌సీసీకి చోటు లేదు. పిల్లలు గది దాటి బయటకు రాని ఆ చదువును ఎంత విమర్శించినా తక్కువే.

తెలంగాణకు తీరం లేదు కనుక నౌకా శిక్షణ అక్కర్లేదనే మాట తరచుగా వింటాం. హుస్సేన్‌సాగర్‌ను చూసినవారు ఆ మాట అనరు. అక్కడ దశాబ్దాలుగా సైన్యం సెయిలింగ్ శిక్షణ నడుస్తోంది, జాతీయ స్థాయి పోటీలు జరుగుతున్నాయి. యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పేద కుటుంబాల పిల్లలను, ముఖ్యంగా అమ్మాయిలను ఆప్టిమిస్ట్ పడవలెక్కించి దేశవ్యాప్త పోటీల్లో నిలబెట్టింది. ఆప్టిమిస్ట్ అంటే ఒక్క పిల్లవాడు నడిపే చిన్న తెరచాప పడవ. గాలి ఎటు వీస్తోందో చర్మంతో తెలుసుకుని చాప సర్దుకోవాలి. చెప్పేవారు ఎవరూ పక్కన ఉండరు. నిర్ణయం తనదే, తప్పయినా సర్దుకోవాల్సింది తనే. ఆంధ్రలో కృష్ణ, గోదావరి బ్యారేజీల ఎగువన నిలిచిన నీరుంది, తెలంగాణలో ప్రతి జిల్లాకూ చెరువులు, జలాశయాలున్నాయి. సముద్రం లేకపోవడం అడ్డంకి కాదని సికింద్రాబాద్ కుర్రవాడు కటారి 1927లోనే తేల్చేశాడు.

ఇన్ని చెప్పినా ఒక్క షరతు మిగిలే ఉంది: ఈత. బ్రిటన్ సీ కేడెట్లకు పడవ శిక్షణకు ముందు ఈత పరీక్ష ఉంటుంది. ఇక్కడ ఈత రాని పిల్లవాడు కూడా రెండేళ్లు నేవల్ కేడెట్‌గా కొనసాగగలడు. ప్రపంచంలో పిల్లల అకాల మరణాలకు నీట మునగడం ఒక ప్రధాన కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతూనే ఉంది. మన దగ్గర ప్రతి వేసవిలో చెరువుల్లో, కాలువల్లో పిల్లలు పోయిన వార్తలు వింటూనే ఉన్నాం. నీటి గురించి నేర్పే దళమే ఈత నేర్పకపోతే ఇంకెవరు నేర్పుతారు? ఈతకు కొలను కట్టించాల్సిన పని లేదు. కంచె కట్టిన చెరువు భాగం, తాడు, రక్షకుడు, శిక్షకుడు ఉంటే చాలు. రక్షకులు, శిక్షకులు కూడా దూరాన లేరు. విశాఖలో, దాని చుట్టుపక్కల ఊళ్లలో నౌకాదళం నుంచి పదవీ విరమణ చేసినవారు వేల సంఖ్యలో ఉన్నారు. అమెరికాలో హైస్కూలు పాఠాలు చెప్పేది అలాంటివారే. మన బడులు వారిని ఇప్పటివరకు వేదిక మీదికి అతిథులుగానే పిలుస్తున్నాయి, పాఠం చెప్పేందుకు పిలవడం లేదు.

నేవల్ వింగ్‌ను ఇంకా విస్తరించే ముందు అధికారులు ఒక పని చేయాలి. ఒక్కో బడిలో ఒక్కో కేడెట్ ఏడాదిలో నీటి మీద ఎన్ని గంటలు గడిపాడో, ఈత పరీక్ష నెగ్గాడో లేదో లెక్క రాసి, దాన్ని తల్లిదండ్రులకు చూపించాలి. 'ఎ' సర్టిఫికెట్‌కు ఈతను తప్పనిసరి చేయాలి. మత్స్యకార గురుకులాలకు తొలి కోటా ఇవ్వాలి. ఈ మూడూ చేయలేనప్పుడు కొత్త దళాలు ప్రకటించకపోవడమే మేలు. మీ పిల్లలు నేవల్ వింగ్‌లో ఉంటే, ఈ వారం బడికి వెళ్లి ఒక్క ప్రశ్న అడగండి: మా అమ్మాయిని, మా అబ్బాయిని పడవ ఎప్పుడెక్కిస్తారు?